ఎనభై నాలుగు మార్కులు

సోమవారం, మొదటి షిఫ్టు

ఆస్పత్రిలో చేరిన మనిషి ప్రతి షిఫ్టుకీ తన నొప్పిని రాసిపెట్టాలి. ఒకటి నుంచి పది దాకా ఏదో ఒక అంకె వేస్తే చాలట. నేను అంకె వేయను. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఇతరుల కడుపుల గురించి వాక్యాలు రాసినవాణ్ణి. నా కడుపు దగ్గరికి వచ్చేసరికి అంకెతో సరిపెట్టుకోమంటే కుదరదు.

పేరు ఆకుల ఓదెలు. వయసు డెబ్బై ఆరు. నాలుగో వరుసలో చివరి క్వార్టరుకు ముందుది నాది. ఒకప్పుడు ఇదే ఆస్పత్రిలో స్కాన్ బొమ్మలు చదివే డాక్టర్ని. ఇప్పుడు ఇక్కడ ఆ పని లేదు, కాబట్టి నేనూ లేను.

నొప్పి నిన్న మొదలైంది. బొడ్డు చుట్టూ మెలిపెడుతుంది, వదులుతుంది, మళ్లీ మెలిపెడుతుంది. తాగిన జావ పచ్చగా బయటికొచ్చింది. కింది నుంచి గాలి కూడా పోవడం లేదు. నాకు పడుచుతనంలో అపెండిక్స్ తీశారు. అలాంటి కోత తర్వాత లోపల పేగుల మధ్య ఒక పోగులాంటిది పెరిగి, ఏళ్ల తరబడి ఊరికే ఉండి, ఒక రోజు దాని కింద పేగు దూరి ఇరుక్కుంటుంది. ఇది తెలుసు గనుకనే నడిచే ఓపిక ఉండగానే వచ్చి మంచం పట్టాను.

బయట దుమ్ము లేచింది. దుమ్ము దిగేదాకా పెద్ద తలుపు తెరవరు. పెద్ద స్థావరంలోని పెద్ద ఆస్పత్రికి బండ్లు పోవు. ఉన్నదల్లా ఈ ఆస్పత్రి, ఇందులో ఉన్న ఒకే ఒక్క సర్జన్ డాక్టర్ జమున. నా దగ్గర చదువుకున్న పిల్ల. నేను బొమ్మలు చదివే గదిని ఎత్తేసే కాగితం మీద సంతకం పెట్టిన పిల్ల కూడా.

"ఏమైంది సార్?" అంటూ వచ్చింది.

"నువ్వే చెప్పాలె. డాక్టరువి నువ్వు గదా."

"ముక్కుల నుంచి గొట్టం ఏస్త. జర ఓర్సుకోండ్రి."

"ఓర్సుకునుడు నాకు అలవాటే. నువ్వే అలవాటు చేసినవ్."

గొట్టం మాత్రం నేర్పుగా వేసింది. అది నేర్పింది నేను కాదు, అందుకే బాగా వేసింది కాబోలు.

సోమవారం, రెండో షిఫ్టు

స్కాన్ తీశారు. పంతులు డెబ్బై ఒక్క మార్కులు వేశాడు.

పంతులంటే మనిషి కాదు. నన్ను పంపేసి నా పనికి పెట్టిన యంత్రం. బొమ్మ చూసి నూటికి ఇన్ని అని మార్కులు వేస్తుంది. జనం దానికి ముద్దుగా పంతులని పేరు పెట్టుకున్నారు. క్యాంటీన్లో ఎక్కడ విన్నా అదే మాట: "నీ కడుపుకు పంతులు ఎన్నేసిండు?" ముప్పై అయిదు దాటితే పాసు.

పంతులు మూర్ఖుడు కాదు. వాడి చదువే ఇక్కడి చదువు. మనం పీల్చే గాలి పలచన. మన ముత్తాతలు బొగ్గు గనుల ఊళ్లు వదిలి ఈ ఎర్ర నేల తవ్వడానికి వచ్చిన నాటి నుంచీ కంపెనీ గాలిని పలచగానే ఇస్తోంది, ఖర్చు తగ్గుతుందని. బయటి గాలి పలచనైతే కడుపులో గాలి ఉబ్బుతుంది. అందుకే ఇక్కడ ఎవడి పేగు చూసినా బుడగల దండ. పంతులు పుట్టి పెరిగింది ఆ బొమ్మల మధ్యనే. రోగమంటే గాలేనని వాడు నేర్చుకున్నాడు. గాలి ఎక్కువైతే మార్కులు తగ్గిస్తాడు, తగ్గితే పెంచుతాడు. జనంలో నూటికి తొంభై తొమ్మిది మందికి అది సరిపోతుంది.

ఆ మిగిలిన ఒక్కడి గురించి కంపెనీ పొదుపు కమిటీ ముందు నిలబడి గంటసేపు మాట్లాడాను అప్పట్లో. ఛైర్మన్ ఆవలించాడు. ఆ ఆవలింత నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. పై వరుసలో బంగారు పన్ను.

మంగళవారం, మొదటి షిఫ్టు

బరువు గదిలో రాస్తున్నాను.

కడుపునొప్పి అని ఎవరొచ్చినా ముందు ఇందులో పెడతారు. ఇనుప గది. పడుకుంటే పైకప్పు చేతికి అందుతుంది. గాలి కూరి కూరి చిక్కగా చేస్తారు. చిక్కటి గాలిలో కడుపులోని బుడగలు నలిగి చిన్నవవుతాయి, నొప్పి తగ్గుతుంది, మనిషి లేచి డ్యూటీకి పోతాడు. స్థలం చాలక స్కాన్ చక్రాన్ని కూడా ఈ గదిలోనే బిగించారు. నా తల వెనక అది ఉంది. ఒకసారి తలుపు బిగిస్తే, గాలి మెల్లగా దించేదాకా తెరవడానికి లేదు. లోపలివాడు చచ్చినా తెరవరు. తెరిస్తే బతికున్నా చస్తాడు.

చరిత్ర పుస్తకాల్లో ముట్టడి పడిన కోటల సంగతులు చాలా చదివాను. చాలా కోటలు శత్రువు ఫిరంగికి పడలేదు. లోపలి బావి పాడై పడ్డాయి. ఇక్కడ పడుకుని అదే ఆలోచిస్తున్నాను. బయట దుమ్ము. దుమ్ములో స్థావరం. స్థావరంలో ఇనుప గది. గదిలో నేను. నాలో ఎక్కడో ఒక జానెడు పేగు, రెండు వైపులా దారి మూసుకుపోయి.

గుండ్రటి అద్దంలోంచి కనిపించే మొహం పోశానిది. గాలి మేస్త్రి పోశం. ఈ గదిలోకి గాలి వదిలే చక్రం తిప్పేది వాడే. నా పక్క క్వార్టరు, చివరిది, వాడిదే. ఒంటిగాడు. మా ఇద్దరి మధ్య ఒక్క గోడ, పదకొండేళ్ల మౌనం. ఆస్పత్రిలోని నా గది గోడకున్న తెరను రెంచీతో విప్పి మోసుకుపోయినవాడు వాడే. నలుపుకీ తెలుపుకీ మధ్య ఎన్ని ఛాయలుంటాయో అన్నీ చూపించే తెర అది, ఇక్కడ అలాంటిది ఇంకోటి లేదు. దాన్ని క్యాంటీన్లో తగిలించారు, ఆ రోజు కూర ఏమిటో రాయడానికి. విప్పుతూ వాడన్న మాట: "సారు, ఇగ రోజూ కూరలు సదువుకోండ్రి."

ఇవాళ మైకులోంచి వాడి గొంతు వినబడింది.

"చెవులు నొస్తున్నయా?"

"లేదు."

"నొస్తె చెప్పు. మల్ల ఫిర్యాదు రాస్తవ్."

"నీ గురక మీద రాసిన. నీ చక్రం మీద రాయలే."

"రాసినోనికి చెవులు మంచిగనే పని చేస్తయన్నట్టు," అని మైకు కట్టేశాడు.

స్కాన్ మళ్లీ తీసే ముందు జమునను బతిమాలాను. బతిమాలడమంటే నాకు వచ్చిన పద్ధతిలో, అంటే తిట్టాను. రక్తంలోకి రంగు మందు ఎక్కించి తీయమన్నాను. అది ఎక్కిస్తే రక్తం అందుతున్న పేగు గోడ బొమ్మలో తెల్లగా వెలుగుతుంది, అందనిది వెలగదు. పంతులుకు ఆ మందు అక్కర్లేదు, అందుకని ఏళ్లుగా ఎవరూ వాడడం లేదు. మూల అరలో ఒకటే సీసా ఉంది. నన్ను లోపల పెట్టి తలుపు బిగించే ముందే ఆమె నా చేతికి సూది కట్టి, మందు దానంతటదే ఎక్కేలా అమర్చింది. ఎందుకు ఒప్పుకుందో తెలియదు. నా నోరు మూయించడానికే అయ్యుంటుంది.

మార్కులు వచ్చాయి. ఎనభై నాలుగు.

మంగళవారం, రెండో షిఫ్టు

నొప్పి మారింది. ఇది రాసి పెట్టండి, అంకె అడిగేవాళ్లు. నిన్నటిదాకా మెలిపెట్టి వదిలేది. ఇప్పుడు వదలడం లేదు. ఒకే తీరుగా, ఒకే చోట, కుడి వైపు కింద, లోపల ఎవరో గుప్పిట బిగించి కూర్చున్నట్టు ఉంది.

గాలి దించి నన్ను బయటికి తీశాక, జమున మంచం పక్కన కూర్చుని మార్కుల కాగితం చూపించింది. "డెబ్బై ఒకటి నుంచి ఎనభై నాలుగు సార్. గాలి సగానికి సగం తగ్గింది. ఇంకో రోజు చూద్దాం."

"బొమ్మ చూసినవా?"

"రిపోర్టు చూసిన."

"నేను అడిగింది బొమ్మ."

"ఇక్కడి తెర మీద బొమ్మ రాదు సార్, మార్కులే వస్తయి. మీకు తెల్సు గదా."

"నాకు తెల్సు. బొమ్మ చూపే తెర ఎట్ల పోయిందో నీకు తెల్సా అని అడుగుతున్న."

ఆమె లేచి కిటికీ లేని గోడ వైపు చూసింది. నేను ఊపిరి కూడదీసుకుని చెప్పాను. ఎనభై నాలుగు మార్కులతో చస్తున్నాను బిడ్డా అన్నాను. బిడ్డా అని అనాలనుకోలేదు. నొప్పిలో వచ్చేసింది.

నా లెక్క ఇది. ఇరుక్కున్న పేగు ముక్కలోకి పైనుంచి గాలి రాదు, కిందికి పోదు. రెండు చివరలూ మూసుకున్నాయి. అందులో ఊరేది నీరు. నీటిని ఎంత చిక్కటి గాలిలో పెట్టినా నలగదు. బరువు గదిలో మిగతా కడుపంతా చిన్నదవుతుంది, ఆ ముక్క మాత్రం ఉన్నట్టే ఉంటుంది. బుడగలు తగ్గాయని పంతులు సంబరంగా మార్కులు పెంచుతాడు. ఆ ముక్క లోపల ఉబ్బి, రక్తం అందక, కుళ్లి, చిల్లుపడి మనిషిని చంపుతుంది. ముందు తీసిన బొమ్మనూ గదిలో తీసిన బొమ్మనూ పక్కపక్కన పెడితే పది నిమిషాల్లో తేలిపోతుంది.

"కోయాలంటే మొత్తం వరుస గాలి కావాలె సార్," అంది జమున. "పాసయినోనికి వరుస గాలి అడిగే అధికారం నాకు లేదు. ముప్పై అయిదు లోపల మార్కులొస్తేనే ఆర్డరు. లేకపోతే ఇల్లిల్లూ అడగాలె. ఒక్క ఇల్లు కాదన్నా ఆపరేషన్ గదిల గాలి కొలిచే ముల్లు ఎక్కదు."

అదీ ఇక్కడి పద్ధతి. ఆపరేషన్ గది పెద్దది, దాన్ని చిక్కటి గాలితో నింపితే తప్ప పొట్ట తెరవలేరు. పలచటి గాలిలో తెరిస్తే ఉబ్బిన పేగులు బయటికి పొర్లి మళ్లీ లోపల పట్టవు. ఆ గాలి రోగి ఉండే వరుస నుంచే రావాలి. ప్రతి ఇల్లూ తన వాల్వు మూసుకుని, పొయ్యి ఆర్పి, కదలకుండా తలనొప్పితో పూటంతా కూర్చోవాలి. మూసినవాడు గరిటెతో గోడ గొట్టం మీద ఒక దెబ్బ కొడతాడు. ఆపరేషన్ గదిలో పడుకున్నవాడికి అది వినబడుతుంది. ఇచ్చామని చెప్పడం అన్నమాట. ఇప్పటివరకు నేను చాలామందికి కొట్టాను. వినే వంతు ఎప్పుడూ రాలేదు.

నా వరుసలో నాతో మాట్లాడే ఇల్లు ఒక్కటి చెప్పండి చూద్దాం.

"తెర యాడుంది?" అని జమునే అడిగింది చివరికి.

"కూరల దగ్గర."

బుధవారం, మొదటి షిఫ్టు

చక్రాల కుర్చీలో, ముక్కులో గొట్టంతో, నా పేగులను నలుగురి ముందు పరచుకోవడానికి క్యాంటీన్‌కు వెళ్లాను. భోజనాల వేళ. నాలుగో వరుస అంతా అక్కడే ఉంది. ఇంతకన్నా పెద్ద శిక్ష పొదుపు కమిటీ కూడా వేయలేకపోయేది.

వంట రాజవ్వ తెరకు అడ్డం నిలబడింది.

"ఇయ్యాల ఏం కూరనో జనం చూసుకోవద్దా?"

"ఎన్నడూ ఉండేదే గదా, సొరకాయ," అన్నాను.

"చూసిండ్రా! సచ్చేటప్పుడు గూడ నా కూరకు వంక పెట్టబట్టె!" అని అరిచి, తెర మీది సొరకాయను చెరిపేసింది.

జమున రెండు బొమ్మలూ పక్కపక్కన ఎక్కించింది. పదకొండేళ్ల మసాలా పొగ పట్టి ఉంది గానీ తెర ఇంకా చచ్చిపోలేదు. నలుపు, బూడిద, తెలుపు, వాటి మధ్య ఛాయలన్నీ మెల్లగా లేచాయి. కుర్చీని ఇంకాస్త ముందుకు తోయమన్నాను.

"గదేంది, ముల్లంగి కోసినట్టున్నది," అన్నాడు ఎవడో.

"సారు లోపల గూడ తెల్లగ లేడు," అంది ఇంకో గొంతు. నవ్వులు.

గరిటె ఇమ్మన్నాను. రాజవ్వ ఇచ్చింది. దాంతో చూపిస్తూ చెప్పాను. నల్లగా ఉన్నది గాలి. ఎడమ బొమ్మలో ఇంతింత లావున్న నల్లటి బుడగలు, కుడి బొమ్మలో చిక్కి వేలంత అయ్యాయి. పంతులు వేసిన మార్కులు వీటికే. ఇక ఈ బూడిద రంగు చూడండి. నీళ్లు.

అక్కడ గరిటె ఒళ్లోకి జారింది. జమున దాన్ని అందుకోలేదు. నేరుగా తెర దగ్గరికి వెళ్లి వేలు పెట్టింది.

"ఇక్కడ," అంది. నాతో కాదు, తనతోనే. "కొడవలి లెక్క వంగి ఉన్నది. రెండు బొమ్మల్లో గూడ ఒకటే లావు. ఇగో రెండు కొసలు, రెండూ ఒకటే జాగల పిట్ట ముక్కు లెక్క నొక్కుకుపోయినయి. నరాలన్నీ గొడుగు పుల్లల తీరుగ ఆ జాగకే పోతున్నయి." వేలు ఇంకాస్త కదిలింది. "మిగతా పేగుల గోడ తెల్లగున్నది. దీనిది మసక. రక్తం సరిగ అందుతలే."

"సచ్చిందా?" అన్నాను.

"లేదు సార్. కొంచెం వెలుగుతనే ఉన్నది. ఇంకా టైమున్నది."

నేను నేర్పిన వరుసలోనే చెప్పింది, ఒక్క మెట్టు దాటవేయకుండా. శభాష్ అని నేను అనలేదు. "పదకొండేళ్లు పట్టింది," అన్నాను.

అప్పుడు వెనక బెంచీ నుంచి పోశం లేచాడు.

"ఎనభై నాలుగొచ్చినోనికి ఆపరేషనేంది? నాకు మొన్న నలభై వస్తె లేచి డ్యూటీకి పొమ్మన్నరు!"

"నీది గాలి. నాది నీళ్లు."

"నీది నోరు," అన్నాడు. తెర వైపు ఒకసారి, చాలాసేపు చూశాడు. తర్వాత తిండి వదిలేసి బయటికి వెళ్లిపోయాడు.

వాడొక్కడు చాలు. ముల్లు ఎక్కదు.

జమున జనం వైపు తిరిగింది. దండం పెట్టలేదు, ఉపన్యాసం ఇవ్వలేదు. "అడగమని ఆర్డరు లేదు. నేను అడుగుతున్న. వాల్వులు మూస్తరా?" అంది అంతే.

ఎవరూ కదల్లేదు. అందరి మీదా ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక ఫిర్యాదు రాసినవాణ్ణి. నీళ్ల వాడకం మీద, పిల్లల అల్లరి మీద, పెళ్లి పాటల మీద. చివరికి రాజవ్వ నా ఒళ్లోంచి గరిటె లాక్కుంది.

"బతకనియ్యుండ్రి పీనుగను. ఈయన పోతె నా కూరకు వంక పెట్టెటోడు ఎవడున్నడు? మీరందరు ఏది పెట్టినా మింగుతరు."

నవ్వారు. ఒకరి తర్వాత ఒకరు ప్లేట్లు వదిలి ఇళ్లకు లేచారు.

బుధవారం, రెండో షిఫ్టు

ఆపరేషన్ గది. తలుపు బిగించేశారు. జమున చేతులు కడుక్కుంటోంది. మత్తు ఇచ్చేలోగా ఇది రాయనిచ్చారు.

దెబ్బలు మొదలయ్యాయి. గొట్టం వెంట వస్తాయి, ఒక్కో ఇంటిది ఒక్కో శబ్దం. రాజవ్వది అందరికన్నా గట్టిది, అది గరిటె కాదు, రోకలి అయ్యుంటుంది. పెళ్లి పాటల ఇల్లు కొట్టింది. నీళ్ల ఇల్లు కొట్టింది. వింటూ ఎవరెవరో పోల్చుకుంటున్నాను. గోడల వెనక ఇంతమంది ఉన్నారని వాళ్లందరితో పోట్లాడినవాడికి తెలియకపోవడం ఏమిటి?

ఒక్కటి రాలేదు. మా గోడ అవతలిది.

అద్దంలోంచి చూస్తే పోశం ఇక్కడే ఉన్నాడు. చక్రం దగ్గర, డ్యూటీలో. వాడికి ఇంట్లో ఎవరూ లేరు. వాడిక్కడుంటే అక్కడ వాల్వు మూసేదెవరు? తెరిచే ఉంది. నా ఇంటి వాల్వు నేను వచ్చేటప్పుడే మూశాను. వాడిదొక్కటే తెరిచి ఉంది. నా ఊపిరంతా వాడి ఖాళీ గదిలోకి పోతోంది. అరుద్దామంటే బిగించిన తలుపు దాటి వాడికి వినబడదు. అద్దం మీద కొట్టడానికి చెయ్యి అందదు. వాడు నా వైపు చూడడం లేదు.

"ముల్లు ఎక్కింది సార్," అంటోంది జమున.

అబద్ధం. చావబోయేవాడికి చెప్పే అబద్ధం. అది కూడా నేనే నేర్పి...

శనివారం, మొదటి షిఫ్టు

బతికే ఉన్నాను. ఫిర్యాదు చేయదలచినవాళ్లు చేసుకోవచ్చు.

పోగు కోసేసరికి పేగు నేరేడు పండు రంగులో ఉందట. వేడి ఉప్పునీళ్ల గుడ్డలు కప్పి ఎదురుచూశారు. మెల్లగా ఎర్రబడింది. ఒక్క అంగుళం కూడా కోసి తీసేయలేదు. జమున చెబుతున్నప్పుడు ఆమె కళ్లు వాచి ఉన్నాయి. తలనొప్పి వల్ల అంది. ఇంకో మాట కూడా అంది. పంతులు మార్కులతో పాటు ప్రతి బొమ్మనూ కంటితో చూడాలని పెద్ద స్థావరానికి రాసిందట. దుమ్ము దిగాక జవాబొస్తుందట. వాళ్ల జవాబు నేనిప్పుడే చెప్పగలను. ఆవలింత.

పోశం గొట్టాలు చూడడానికి వచ్చాడు. నా మంచం దగ్గర ఉన్న గొట్టాలు బాగానే ఉన్నాయి.

"ముల్లు ఎట్ల ఎక్కింది?" అని అడిగాను.

"ఎక్కక?"

"నీ ఇంటి వాల్వు?"

"క్యాంటీన్ల నీ పేగు చూసినంక పోయి మూసిన. మూసినంకనే డ్యూటీకి వచ్చిన."

అప్పటికి జమున ఇంకా ఎవరినీ అడగలేదు. "మరి గొట్టం మీద కొట్టలేదేంది?"

"కొడితె నేనిచ్చినట్టు నీకు తెలుస్తది గదా," అన్నాడు, ఇంత చిన్న విషయం అర్థం కాలేదా అన్నట్టు. "ఉత్తగనే నెత్తికెక్కుతవ్." రెంచీ తీసుకుని వెళ్లిపోయాడు.

చివరి రాత. నెల తర్వాత, రెండో షిఫ్టు

ఆస్పత్రి వదిలినవాడు ఇది రాయనక్కర్లేదు. అలవాటైంది, రాస్తున్నాను.

పెద్ద స్థావరం జవాబు రాలేదు. బయట మళ్లీ దుమ్ము. తలుపులు మూశారు. రాజవ్వ మాత్రం ఎవరి ఆర్డరూ లేకుండా రోజూ భోజనాలకు ముందు కాసేపు సొరకాయను చెరిపేసి తెరను మాకు ఇస్తోంది. నేనూ జమునా నిలబడి ఆ రోజు బొమ్మలు చదువుతాం. జనం ప్లేట్లు పట్టుకుని వెనక నిలబడి తమకు తోచింది చెబుతారు. భరిస్తున్నాను.

ఇవాళ పోశం వచ్చాడు. కడుపునొప్పి. పంతులు యాభై రెండు వేశాడు, బరువు గదికి పొమ్మన్నాడు. వాడు పోలేదు. గరిటె తెచ్చి నా చేతికిచ్చాడు.

"చూపియ్యి."

పైనుంచి కిందిదాకా చూశాను. బుడగ తర్వాత బుడగ.

"ఉత్త గాలి," అన్నాను, అందరికీ వినబడేలా. పదకొండేళ్లు ఎదురుచూసిన మాట. క్యాంటీన్ గొల్లున నవ్వింది.

పోశం నవ్వలేదు. తెరకు దగ్గరగా జరిగాడు. వాడి చెయ్యి కుడి వైపు కింద పొట్ట మీద ఉంది.

"నీళ్లు యాడా లేవు గదా?" అన్నాడు, నాకు ఒక్కడికే వినబడేలా.

మళ్లీ మొదటి నుంచి చూశాను. ఒక్కో పొరా, ఒక్కో మలుపూ, గరిటె ఆనించి. ఎక్కడా వంకర లేదు, నొక్కు లేదు.

"లేవు."

"మల్ల ఒకసారి చూడు."

వెనక నుంచి రాజవ్వ అన్నం చల్లారిపోతోందని అరుస్తోంది. మళ్లీ పైనుంచి మొదలుపెట్టాను. ఈసారి మెల్లగా, వాడికి కూడా కనిపించేలా.